పటిక చెప్పిన మాట

నాలుగోది ఎక్కడుందో నాకు తెలీదు.
మొదటిది మాత్రం కొలిమి పక్క గూట్లో ఉంది,
కిలుం పట్టి, సబ్బు చారలు ఎండి.
చింతపండు రాసి తోమితే మెరుస్తుంది గానీ
నేను తోమను.
తప్పు తప్పులాగే కనిపించాలి.

మా బుడితిలో చెంబులు పోసిన చేతులివి.
చెంబుకేముంది, నీళ్లు కారకపోతే చాలు.
రేజరు అలా కాదు.
ఒకవైపే పదునున్న బ్లేడు, మందంగా, వంగనిది;
దాన్ని పట్టుకునే ఇత్తడి దవడ
ఎంత తెరుచుకోవాలో ఏ తాతా చెప్పి పోలేదు.

పోస్టుకార్డు మందాన సందు వదిలాను.
జోగులు నురగ పట్టించుకుని అద్దం ముందు కూచున్నాడు.
ఆమదాలవలస స్టేషను రోడ్డులో నలభై ఏళ్లు
ఊరి గడ్డాలన్నీ గీసిన మనిషి.
అంత పదును మీద కూడా చెయ్యి తేలించి
ఒక్క గాటు లేకుండా గీసేసుకున్నాడు.
ఆనక పటిక ముక్క తడిపి రాసుకుని
కళ్లు గట్టిగా మూసుకున్నాడు.
"ఆసారీ, ఇది గడ్డం గియ్యదు, తోలు తీసీస్తాది."

మాకు అదే కొలబద్ద.
కంటికి కనపడని గీతలు పటికకి కనపడతాయి.
అది ఎక్కడ మండితే అక్కడ నా ఆకురాయి.

సందు తగ్గించాను, బస్సు టిక్కెట్టంత.
అదేమో పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకైంది,
ఎదురుగా కూచుంటుంది, ముట్టుకోదు.
మధ్యాహ్నానికే జోగులు చెంప
కోత కోసిన వరిమడి.

తరవాత్తరవాత తెలిసింది సందొక్కటే కాదని.
బ్లేడు వణుకుతోంది.
దవడ దాన్ని వెనకాల పట్టింది గానీ
అంచు దగ్గర పట్టలేదు;
మొండి వెంట్రుక తగిలినప్పుడల్లా సన్నగా గరగర.
వాడు విన్నాడు, నేనూ చెవి ఆనించి విన్నాను.
ఆ పట్టుని అంచు దాకా జరపడానికి
ఒక వానాకాలం పట్టింది.
వంశధార రెండుసార్లు రోడ్డెక్కి దిగింది.
మూసలో ఇత్తడి ఎన్నిసార్లు కరిగిందో లెక్క లేదు.

పిడి జారుతోందంటే
చెంబు మెడకి మా అమ్మ చెక్కే గళ్ల నగిషీ
పిడికి దింపాను.
నురగ ఇరుక్కుంటోందంటే
పెదవికి ఏడు కాలవలు తీశాను, మడిలో నీరు తీసినట్టు.
గోరంత మార్పులు. కొన్ని గోటిలో సగం.
ఏది ఎప్పుడు మార్చానో నాకే గుర్తుండక
గోడ మీద బొగ్గుతో రాసేవాణ్ణి.

ఆ గోడ చూస్తుంటేనే ఒక రోజు తట్టింది.
మొదటిదాని కింద: మంట చాలా, గాటు లేదు.
మూడోదాని కింద: గాట్లు రెండు.
నాలుగోది అన్నిటికన్నా మెత్తనిది,
దాని కింద: గాట్లు ఐదు, చెవి దగ్గర పెద్దది.

రేజరు బాగుపడుతుంటే గాట్లు పెరగడమేంటి?

దుకాణానికి వెళ్లాను. తాళం.
పక్క సోడా కొట్టు నీలవేణి అంది:
"మీకు సెప్పనేదా? ఎండాకాలం కాణ్ణించీ సెయ్యి అదురుతంది.
ఒక గుంటడికి సెవికాడ తెగిపోనాది.
ఆ రోజే కత్తి కడిగి దాసీసినాడు."

ఇన్నాళ్లూ నేను కొలిచింది ఇత్తడినా,
ఆ చేతినా?

ఐదోదానికి పిడి లావు చేశాను.
తల బరువు పెంచాను,
చెయ్యి ఊగినా బరువు తనంతట తను దిగేలా.
అంచుకి ముందు సన్నని గట్టు పెట్టాను,
వస్తున్నా, కదలకు అని
తోలుకి ముందే చెప్పేలా.
నలభై ఏళ్ల చెయ్యిని అరంగుళం ఇత్తడిలోకి పొయ్యడం
నా వల్ల అయ్యే పోత కాదు.
అయినా మూస ఎక్కించాను.

వాళ్ల అరుగు మీద కూచుని గీసుకున్నాడు.
చెయ్యి ఊగుతూనే ఉంది.
పటిక రాసుకుని చాలాసేపు ఏమీ అనలేదు.
తరవాత నా గడ్డం పట్టుకుని
వెలుగువైపు తిప్పి,
"నీది మాసిపోనాది. కూకో" అన్నాడు.

నురగ చల్లగా ఉంది.
నేను కదల్లేదు.
ఎడమ చెంప మీద ఒక్కచోట మండింది.
ఇంటికెళ్లి గోడ మీద రాయాలి.