రెండు సెంటీమీటర్లవతల

హబ్సిగూడలో మూడో అంతస్తు.
ఏసీ ఇరవై నాలుగు మీద పెట్టి
తలుపు కింద తడి పిండేసిన గోనె దోపుతాను.
వానగాలి లోపలికొస్తే
చర్మం మాట మారుస్తుంది.

బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పల్లంలో
డాక్టర్ సుహాసిని చుక్క పెడుతుంది.
రెండు సెంటీమీటర్లవతల ఇంకో చుక్క, ఊరికే.
ఒకటి బిందువట, ఒకటి సాక్షి.
ఏది ఏదో నాకు చెప్పకూడదని నియమం.
పదో చెయ్యి వచ్చేసరికి నాకు తెలిసిపోయింది.

ఉప్పల్ డిపో కండక్టరు, చిల్లర వాసన వేళ్ళు.
రామంతాపూర్ ట్యూషన్ మాస్టరు,
"షాక్ కొడుతుందా మేడం" అని మూడుసార్లడిగాడు.
లాడ్ బజార్ వెనక గల్లీలో లక్క గాజులు చేసే ముంతాజ్ బీ.

ఆమె దగ్గర మీటరు మొండికేసింది.
ముప్పై ఏళ్ళు బొగ్గుల కుంపటి పక్కన
వేడి లక్కను వంచీ వంచీ
చెయ్యంతా చెప్పుతోలు.
జెల్ రాశాను. మళ్ళీ రాశాను.
రెండు చుక్కల దగ్గరా అంకె స్కేలు దాటి పోయింది.
"నొప్పి ఏడుందో ఇది చెప్తదా బిడ్డా?"
"లేదమ్మా, కరెంటు ఎంత సులువుగా పోతుందో చెప్తుంది."
"నొప్పి గూడ గట్ల పోతే మంచిగుండు."

కాగితం మీద మాత్రం పండగ.
నలభైలో ముప్పై ఒక్క చేతులకు
బిందువు దగ్గర నిరోధం తక్కువ!
సుహాసిని బేకరీ నుంచి దిల్‌పసంద్ తెప్పించింది.

ఆ రాత్రి మెట్రోలో కడ్డీ పట్టుకుని నిలబడ్డాను.
నాగోలు దాకా నా బొటనవేలినే చూశాను,
కొస తెల్లబడేంతగా నొక్కుతోంది.

మర్నాడు వంటింటి త్రాసు తెచ్చి
దాని మీద వంకాయ పెట్టాను.
వంకాయకు రెండు చుక్కలు.
ఎడమదాన్ని బిందువనుకుని ప్రోబు ఆనించాను:
నూట నలభై గ్రాములు.
కుడివైపు: తొంభై.
వంకాయకూ నాడులున్నాయని
నా చెయ్యి నాకంటే ముందే నమ్మింది.

బాలానగర్‌లో స్ప్రింగు ప్రోబు చేయించాం.
అది ఎవర్నీ నమ్మదు, అందర్నీ ఒకేలా నొక్కుతుంది.
ముప్పై ఒకటి ఇరవై రెండయింది.
రూపాయి బిళ్ళ ఎగరేసినా ఇరవై రెండు రావచ్చు.
"రాకపోనూ వచ్చు," అంది సుహాసిని,
సూదుల డబ్బా మూత తెరుస్తూ, మూస్తూ.

గురువారం ముంతాజ్ బీ మళ్ళీ వచ్చింది.
"మీ చెయ్యి లెక్కలోంచి తీసేశామమ్మా."
"లెక్క నువ్వే ఉంచుకో.
ఆ సల్లటిది జెర రాయి."

రాశాను.
ఎంత నొక్కానో రాసుకోలేదు.