నలభై మూడో టిక్కీ

బ్రాడీపేట నాలుగో లైను మలుపులో
గోనెపట్టా మీద దొరికింది, నూట ఇరవైకి.
అట్ట మీద రెక్కల పాము, దాని కింద కాలుతున్న కోట.
ఆరువందల పన్నెండు పేజీలు.
"మొదటి భాగమేనమ్మా, రెండోది నా దగ్గర లేదు" అన్నాడు
ముందే ఓదారుస్తున్నట్టు.

పేర్లకు నోరు తిరగడానికే రెండు రాత్రులు పట్టింది.
మహామంత్రి సెల్మారోని
నేను శల్మారయ్యగారు చేసుకున్నాను.
ఆ తర్వాత ఆయన బాగా తెలిసినవాడే అనిపించాడు.
మెత్తగా మాట్లాడతాడు. ఎవర్నీ ఏకవచనంలో పిలవడు.
పిలిచిన రోజున
ఆ మనిషి ఇంటికి చేరడు.

రాణి తమ్ముడికి విషం, తమ్ముడి వేగులవాడికి పెళ్లి,
ఉత్తరాలకు లక్క ముద్రలు, వాటికి దొంగ ముద్రలు.
ఎవరు ఎవరి మనిషో గుర్తుండక
పాత కాటా చీటీ వెనక రాసిపెట్టుకున్నాను.
రాజుగారికి ఐదువందల పేజీ దాకా ఏమీ తెలియదు.
నాకు తొంభయ్యో పేజీలో తెలిసిపోయింది.

ఇందులో నా గొప్పేం లేదు, మిర్చి యార్డులో గుమస్తాని.
తొంభయ్యో పేజీలో ధాన్యపు కొట్టు ఉంది,
అందులో తోబిన్ అని ఒక కొలగాడు.
రాత్రి కంచం ముందు కూర్చుని పెళ్లాంతో అంటాడు:
"ఇవాళ తూకపురాయి ఎత్తినా భుజం నొప్పి పుట్టలేదే."
అంతే. రచయిత అక్కణ్ణించి విందులోకి వెళ్ళిపోయాడు,
నెమలి మాంసం, వెండి గిన్నెలు.
నేను వెళ్ళలేకపోయాను.
రాయిని అడుగున తొలిచారు.
లెక్కలో కొట్టు నిండుగా ఉంటుంది, కొట్టులో ఉండదు.
మిగిలిన గింజ ఏ సైన్యం తింటోందో
శల్మారయ్యగారిని అడగాలి.

నాలుగువందల ఆరో పేజీలో తోబిన్ సభలో నోరు విప్పాడు.
"రాయి తేలికైంది దొరా."
పేజీ తిప్పితే,
కొలగాడి శవం బావిలో తేలిన ఉదయాన
రాణి ఊదారంగు పట్టు కట్టింది, అని ఉంది.
అతనికి అర వాక్యం. పట్టుకు పదకొండు పేజీలు.

అయ్యా రాసినాయనా,
నా వేళ్ళకు ఎంత కడిగినా మిర్చి ఘాటు పోదు,
ఆ రాత్రి కన్ను నలుపుకున్నాను.
అందుకని నీకోసం ఏడ్చానో
కారానికి ఏడ్చానో చెప్పలేను.
చివర్లో పాముని దించి కోటంతా కాల్చావు.
చదివినవాళ్ళు అబ్బ అనుకుని ఉంటారు.
గోదాము మంటలు చూసినదాన్ని, నేను అనుకోలేదు.
నిప్పుకి అన్నిటికంటే చిట్టాలే రుచి.
కాలిపోయాక రాయి ఎంత తూగిందని ఎవడడుగుతాడు?

ఇవాళ పొద్దున నలభై మూడో టిక్కీ.
తేజ రకం, మాచర్ల అవతల నుంచి వచ్చిన సరుకు.
రైతు అటు తిరిగి ఫోన్లో ఎవరితోనో
బస్సు టైము మాట్లాడుతున్నాడు.
మోసుకొచ్చే ఏసోబు మోకాలు కొంచెం ఎక్కువ వంగింది.
కాటా మీద ఎర్ర అంకెలు నలభై ఒకటి దగ్గర ఆగాయి.
నలభై ఒకటికి ఆ మోకాలు అంత వంగదు,
పద్నాలుగేళ్లుగా చూస్తున్నాను.
పద్నాలుగేళ్లుగా రాస్తున్నాను కూడా.
రాశాను.
కొట్టేశాను.
"మళ్ళీ తూయండి" అని ఎవరో అన్నారు,
గొంతు నాదే.

తుమ్ములు కూడా ఆగినట్టు అనిపించింది.
ఏసోబు నావైపు చూడలేదు, టిక్కీ వైపూ చూడలేదు.
గల్లాపెట్టె దగ్గర నుంచి పేరయ్యగారు నవ్వారు.
ఎప్పుడూ "శేషారత్నంగారూ, మీరు" అనే మనిషి.
"ఎండలో కూర్చున్నావు కదా శేషారత్నం,
ముందు టీ తాగు" అన్నారు మెత్తగా.

గ్లాసు చిట్టా మీద పెట్టి వెళ్ళాడు కుర్రాడు.
అంకె చుట్టూ తడి వలయం పడుతోంది.
రైతు ఫోను ఆపి ఇటు తిరిగాడు.
రెండో భాగం నా దగ్గర లేదు.