సమ్మెటకు ముందు

గుణుపురం రైలు ఆఖరి కూత వేసి పోయాక
ఆయన్ని బల్ల మీదికి ఎక్కించారు.
పొట్నూరి లోకనాథం, యాభై ఎనిమిదేళ్ళు,
వంశధార అవతలి గట్టున కొలిమి.
నాగటికర్రు సాగగొడుతుంటే ఎగిరిన ఇనప రవ్వ
కుడికంట్లో దిగింది.

చిల్లుపడిన కన్నంటే
పెంకు చిట్లిన గుడ్డును అరచేతిలో మోయడమే.
దగ్గినా, ముక్కినా,
ఒళ్ళు ఒక్కసారి ఎగిరినా
లోపలున్నది బయటికొస్తుంది.
దానికి తోడు గుండె
సగానికి సగం కూడా కొట్టడం లేదు.
పాలరంగు మందిస్తే కూలబడుతుంది.
మిగిలింది ఎటోమిడేట్.
అది గుండె జోలికి పోదు,
మనిషిని నిద్రలోకి దింపుతూ దింపుతూ
కండరాల్ని మాత్రం వదిలేస్తుంది
పలుపు తెంచుకున్న కోడెల్లా.

పోయినేడు ఇదే బల్ల మీద
ఒక ముసలామె మోకాళ్ళు రోకళ్ళలా దంచాయి.
అద్దం తలుపు అవతల ఆమె ఆడబడుచు
చేతులెత్తి మొక్కింది, అమ్మోరు దిగిందనుకుని.
నేనేమీ చెప్పలేదు.
మెదడులో కొన్ని దీపాలు ముందు ఆరి
కొన్ని వెనక ఆరతాయని,
ఆ నడిమి చీకట్లో ఒంటికి యజమాని ఉండడని
ఎలా చెప్పను,
ఒడియాలో అయినా తెలుగులో అయినా?

ఈయనకి చెప్పాను.
నిద్రమందుకి ఒళ్ళు ఉలిక్కిపడొచ్చు,
పడకుండా ముందు చిటికెడు ఇస్తాను,
మొత్తంలో పదో వంతు,
నిమిషం ఆగి మిగతాది.
కట్టు లేని కంటితో చూసి నవ్వాడు.
"ఏటమ్మా, కొత్తగా సెప్తన్నావు.
సమ్మెటోడికి నాను ముందు సిన్న సుత్తితో
టక్కుమని సూపిస్తాను, ఇక్కడ, అని.
సూపించకుండా ఎత్తేడంటే
ఇనుము బెదిరిపోద్ది. పట్టకారు జారిపోద్ది."

ఇనుము బెదరడం
నేనే పుస్తకంలోనూ చదవలేదు.

సెబతి రైకా సూది అందించింది.
కొంచెం. గొట్టంలో కనబడనంత.
ఇక ఆగాలి.
ఈ ఉద్యోగంలో కష్టమల్లా ఇదే,
చేతిలో మందు పెట్టుకుని చేతిని ఆపడం.
కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోగా
సెబతి గోడ గడియారం వంక చూస్తూ
"టికే రుహ, టికే రుహ" అంటోంది,
కాస్త ఆగమని,
నాతోనో, ఆయనతోనో, ఆ ముల్లుతోనో.

అరవై లెక్కపెట్టాను.
మాటలు మెత్తబడ్డాయి.
"కర్రు... నీళ్ళలో... ముంచీండి..."
అప్పుడు సమ్మెట.
మిగతా మందంతా, నెమ్మదిగా.

దవడ చూశాను. భుజాలు చూశాను.
నలభై ఏళ్ళు ఇనుమెత్తిన ముంజేతులు
బల్ల అంచున పడున్నాయి,
పని దిగిపోయాక గోడకానించిన పనిముట్లలా.
కన్ను కదల్లేదు.
ఎడమకాలి బొటనవేలు మాత్రం
రెండుసార్లు,
ఆగి, మరోసారి.
కేసు కాగితంలో రాశాను: కుదుపులు, స్వల్పం.

మర్నాడు వార్డులో ఆ సంగతి చెబితే
దుప్పటి తొలగించి
ఆ వేలికేసి చాలాసేపు చూసుకున్నాడు.
"అది పడుకోదమ్మా.
ఏడేళ్ళప్పుడు మా అయ్య కొలిమి కాడ
తిత్తి తొక్కిన కాలది."

కాసేపాగి అడిగాడు,
ఇంతకీ ఆ కర్రు ఎవరైనా ముంచారా అని.