వర్తూరు కోడి, ఉదయం ఆరుంబావు

స్వెట్టరు లోపల కెమెరాని దాచుకొచ్చాను,
చంటిబిడ్డని తెచ్చినట్టు.
చలికి షట్టరు బిగుసుకుంటుందన్నది
శివాజీనగర్ వేలాయుధం మాట.
ఆయన చీకటిగది ఇప్పుడు బిర్యానీ హోటలు.
మాట మిగిలింది, ఈ రోలు మిగిలింది,
ముప్ఫై ఆరింటిలో ఇంకా పదకొండు.

చెరువు కనబడదు.
పొగమంచు గట్టు దాకా వచ్చి కూర్చుంది.
కోడి దగ్గర మాత్రం తెల్లగా, గుట్టలుగా,
గడ్డకట్టిన నీళ్ళు అంచున విరిగి
ఒకదాని మీదొకటి ఎక్కినట్టు.
కన్ను ఆనించి చూస్తే
ఎవరైనా ఒట్టేసి చెబుతారు,
ఉత్తరాన ఏదో దేశంలో శీతాకాలమని.
జమ్ము నల్లటి గీతలు.
కొంగ ఒకటి,
బూడిదరంగుకీ తెలుపుకీ మధ్య ఎటూ తేల్చుకోక.

ముక్కు మాత్రం ఒప్పుకోదు.

కొత్తిమీర మూట నెత్తిన పెట్టుకుని
మునిరత్నమ్మ వస్తోంది, మూతికి చెంగు అడ్డం.
"ఏం తీస్తా ఉండావు సామీ, ఆ నురగనా?"
"మంచులా ఉంది కదమ్మా."
"మంచా!"
మూట కదిలేంత నవ్వు.
"మీ అపార్ట్‌మెంట్లలో గుడ్డలు ఉతికిన నురగ.
నేనూ రెండిండ్లలో ఉతుకుతా.
ఇందులో నాది ఒక గంపెడన్నా ఉంటాది."

గాలి లేచింది.
ముద్ద ఒకటి తెగి, కంచె దాటి,
ఆమె ముందు నుంచి పోయి
స్కూటరు లైటు మీద పడింది.
కరగలేదు. చప్పుడు లేకుండా పేలింది.
నొక్కాను.
పది.

రాత్రి బాత్రూములో ఎర్ర బల్బు.
నెగటివులో నురగ తారులా నల్లన,
మునిరత్నమ్మ తెల్లన.
కాసేపు దాన్నే పట్టుకు నిలబడ్డాను.
ట్రేలో ముందు జమ్ము వచ్చింది,
తర్వాత మూట, చెంగు, ఆమె చెయ్యి.
నురగ ఎంతకీ రాలేదు.
రావడానికేముంది,
అక్కడున్నది ఉత్త కాగితం తెలుపే.

తీగ మీద ఆరుతున్న బొమ్మని చూసి
పక్కింటాయన "కాశ్మీరా?" అన్నాడు.
ఊ కొట్టానో, కొట్టలేదో.

ఫిక్సరు ట్రేని తూములోకి వంచబోయి
ఆగాను.
ఈ గొట్టం ఎటు పోతుందో
పొద్దున్నే చూసి వచ్చాను కదా.

సీసాలో పోసి మూత బిగించాను.
బాల్కనీలో ఇది నాలుగో సీసా.
వీటినెక్కడ పారబోయాలో
వేలాయుధం చెప్పలేదు.