మాట గ్రేడు

కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీలో
లెక్కలు రాసే నన్ను మేడ మీదికి పిలిచి
ఓనరుగారన్నారు:
"ఇక్కడ చెప్పింది కింద చివరిదాకా వెళ్తోందా?
కొలిచి చెప్పు."

తూకానికి కాటా ఉంది,
తేమకి మీటరుంది.
మాటకి నా దగ్గరున్నది
ఒక రూళ్ల పుస్తకం, నీలం పెన్ను.

సోమవారం పొద్దున్నే
బాయిలర్ కాడ డిల్లేశ్వరరావు చెవిలో
ఒక మాట వదిలాను:
"శనివారం బాయిలర్ కడుగుతారు.
షిఫ్టు ఆరింటికే. టీ కంపెనీ ఖర్చు."
వదిలి, దాని వెనకే నడిచాను
దారి తెలీని ఊళ్లో ఆవు వెనక నడిచినట్టు.

కటింగ్ షెడ్డులో డెబ్భై మిషన్లు
ఒక్కసారే కటకటమంటాయి.
అక్కడ మాట నోటితో పోదు,
కనుబొమలతో పోతుంది, గెడ్డంతో పోతుంది.
బూడిద పూసుకున్న ఒక చేతి ఐదు వేళ్లూ
రెండో చేతి బొటనవేలూ లేచాయి.
ఆరు గంటలా? ఆరుగురా?
అడిగే తీరిక ఎవరికుంది, కిలోకింతని కూలి.

డ్రయ్యర్ వేడి దాటేసరికి టీ ఒక్కటే మిగిలింది.
పీలింగులో "టీకి డబ్బులు కోస్తారంట."
గ్రేడింగ్ బల్లకి బుధవారం సాయంత్రం చేరింది:
"శనివారం ఆరుగుర్ని తీసేస్తారంట."

తవిటమ్మ నవ్వలేదు.
పళ్లెంలో పప్పు జరుపుతూనే అంది:
"మాటా పిక్కలాటిదే పాపా.
నువ్వు గుండు ఏసినావు.
కటింగుకాడ బద్దయిపోనాది,
పీలింగుకాడ ముక్కయిపోనాది.
మాకొచ్చింది నూక.
నూకకి రేటెంతో నీకు తెల్దేటి?"

అదే రాసుకున్నాను. నాలుగు గడులు గీసి
గుండు, బద్ద, ముక్క, నూక.
నూట నలభై ముగ్గురిలో
గుండు అందింది పదకొండు మందికి.
రిపోర్టు బాగా వస్తోందని
నాలో నేనే మురుసుకుంటుంటే

"మరి మేం పైకేసిన మాటో?"
తవిటమ్మ తల ఎత్తలేదు.
"ఉగాది ముందు సెప్పినాం,
ఫ్యాను ఆగిపోనాది, పొట్టు గొంతులో దిగతందని."

శ్రావణమాసం వచ్చేసింది.
ఈసారి మాట వెనక మెట్లెక్కాను.
మేస్త్రీ కూర్మారావు: "ఆరోజే చెప్పానండి."
సూపర్‌వైజరు: "ఆరోజే రాయించాను కదా."
"ఎవరిచేత?"
ఆయన నా మొహంలోకి చూశాడు.

నా బల్ల మీద ఇనుప ఊచకి గుచ్చిన
బిల్లుల దొంతర్లో, అడుగు నుంచి ఏడోది.
నా నీలం పెన్ను. నా గుండ్రటి రాత.
"గ్రేడింగ్ గది. ఎగ్జాస్ట్ ఫ్యాను పనిచేయట్లేదు.
పొట్టు. దగ్గు. వెంటనే చూడాలి."

గుండుగానే వచ్చింది.
ఎక్కడా అంచు విరగలేదు, పొర చెదరలేదు.
అందరి చేతులూ దాటి
నా దగ్గరికొచ్చి ఆగింది.

దీనికి ఏ గడీ లేదు నా పుస్తకంలో.
ఐదోది గీశాను, పేరు పెట్టలేదు.

ఫ్యాను మెకానిక్ రేపొస్తానన్నాడు.
ఆ సంగతి తవిటమ్మకి
ఎవరితోనూ కబురంపలేదు.
నా బల్ల నుంచి ఆమె బల్లకి
ఇరవై రెండు మెట్లు, నలభై అడుగులు.
ఈ వారమంతా నేను కొలిచినవాటిలో
సరిగ్గా వచ్చిన లెక్క అదొక్కటే.