గది నిశ్శబ్దం

నెలలో రెండో గురువారం,
రాయగడ, ఫెర్రో ప్లాంటు గెస్ట్‌హౌసు.
మూడు కుర్చీలు, ఒక ప్లాస్టిక్ మొక్క, కంపెనీ పేరున్న కప్పులు.
కప్పుల్లో ఏమీ ఉండదు.
ఏసీ ఆపేస్తాను, దాని గొణుగుడు మైకులో పడుతుందని.
దండాసి లైట్లు వేస్తాడు.
శర్మిష్ఠ మేడమ్ ముక్కు మీద పౌడరు అద్దుకుని
"నమస్కార్, సంవాద్‌కు స్వాగతం" అంటుంది,
ఇరవై మూడోసారి, మొదటిసారిలాగే.

ఈసారి అతిథి కాటా దగ్గర పనిచేసే గేదెల తవిటయ్య.
ముప్పై ఒక్కేళ్ళ సర్వీసు.
మడతల గీతలు ఇంకా పోని కొత్త చొక్కా.
కాలరుకి మైకు తగిలిస్తుంటే నా చెవిలో అడిగాడు:
"ఏ బాసలో సెప్పమంటారు బావూ?"
ఒడియాలో, అన్నాను. కాగితంలో అలాగే ఉంది.

రెండు ప్రశ్నలు గట్టెక్కాయి.
మూడోది, "మీ పని మీకేం నేర్పింది?"
అతను ఖాళీ కప్పులోకి చూశాడు.
చూస్తూ చూస్తూ తెలుగులోకి జారిపోయాడు.

"లారీని కాళీగా ఒకపాలి తూస్తాం, లోడుతో ఒకపాలి.
కాళీగా ఉన్నప్పుడు డ్రైవరు దిగిపోతాడు.
లోడప్పుడు ఎక్కి కూకుంటాడు.
అరవై కేజీల మనిసి
రాయి కాతాలో ఎలిపోతాడమ్మా.
రోజుకి నూటనలబై లారీలు.
నానెక్కడా రాయలేదు."

మేడమ్‌కి అర్థం కాలేదు, అందుకని నవ్వింది.
హెచ్చార్ మహాపాత్రకి అర్థమైంది.
మానిటరు వెనక రెండు వేళ్ళు కత్తెరలా ఆడించాడు.

నాకు చేతకాని పనేం కాదు.
జీఎమ్ గారి దగ్గులు తీశాను, "అంటే"లు తీశాను.
జులైలో ఆయనన్న "కార్మికులే" పక్కన
సెప్టెంబరులో అన్న "మా కుటుంబం" అతికించాను.
చప్పట్లు కొట్టారు.

స్టేషన్ రోడ్డులో నా గది. రాత్రి ఒంటిగంట.
నలభై ఆరు సెకన్లు లేపేశాను.
బొమ్మ గెంతకుండా పైన కప్పు షాటు వేశాను.
శబ్దం మాట వేరు. కోసినచోట ఉత్త ఖాళీ వదిలితే
చెవి పసిగట్టేస్తుంది.
అందుకే ప్రతి షూటింగు చివరా
"ఎవరూ కదలొద్దు" అని
గది నిశ్శబ్దం కాస్త పట్టి ఉంచుకుంటాను.

ఈరోజు పడుతున్నప్పుడు
మహాపాత్ర ఫోను చూసుకున్నాడు.
తవిటయ్య లేచి, చేతులు కట్టుకుని, తలొంచుకుని నిలబడ్డాడు.
అయ్యాక మెల్లగా అడిగాడు:
"ఎవులు పోనారు బావూ?"

ఆ ముక్కే కోసినచోట పరిచాను.
హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను.
పంతొమ్మిదో సెకను దగ్గర కొత్త చొక్కా గరగర,
ఒక ఊపిరి.
దాన్నీ తుడిచే మీట ఉంది.
నొక్కలేదు.

నాగావళి వైపు గూడ్సు పోతోంది.
ఫైలు తయారైంది: రెండు జీబీ.
ఆ నలభై ఆరు సెకన్లు ఉన్నా
తూకం
ఇంచుమించు ఇంతే ఉండేది.