తలకట్టు

ఆదోనిలో జిన్నింగు మిల్లు గోడ మీద
శంకర అని రాస్తా ఉన్నాడు ఉరుకుందు.
శ అయింది, సున్న అయింది, క అయింది.
ర రాయాలంటే ముందు గుండ్రంగా చుట్టి
ఆ మీదట తలకట్టు పెట్టాల.
చుట్టినాడు.

కింద నేను.
పన్నెండు మెట్ల వెదురు నిచ్చెన,
ఏడో మెట్టుకు బైండింగు వైరు,
కాళ్ళ కింద జారకుండా గోనెపట్ట.
రెండు చేతుల్తో పట్టుకోని నిలబడేదే నా పని.
దానికి నాలుగు నూర్లు, పొద్దున ఉగ్గాని.

మిల్లు కాడ దూది ఎగరతానే ఉంటాది.
నలుసొకటి వచ్చి కంట్లో పడింది.
నలుపుకున్నా.
ఒక చేత్తో నలుపుకోని ఉంటే సరిపోయేది.

పెద్ద ఎత్తేం కాదు, తొమ్మిదడుగులు,
మనిషి మీద మనిషి నిలబడినంత కూడా లేదు.
మడమల మీద పడ్న్యాడు.
నెత్తురు చుక్క రాలే.
డబ్బాలోని ఎర్రరంగు గోడమొదట్లో కారతాంటే
అందరూ దాన్ని చూసే కేకలేసినారు.
వాడు మాత్రం
"బ్రష్షు యాడ పడిందో సూడు, ఎండిపోతాది" అన్నాడు.

కర్నూలు పెద్దాసుపత్రిలో
ఎట్ల పడ్న్యావని అడిగితే
ఇంటికాడ మిద్దె దిగతా జారినా అన్నాడు.
అది మేస్త్రీ నేర్పిన మాట.
తల ఊపింది నేను.
మడమెముక పొడైందని,
నడుములో ఒక పూస అణిగిపోయిందని
ఫిల్మును వెలుతురుకు పట్టి చూపించినాడు డాక్టరు.
నాకు వరసగా సున్నలు కనపడినాయి,
ఏ దానికీ తలకట్టు లేదు.

నాలుగు దినాలు మిల్లు గోడ మీద
శంకం అనే ఉండింది.
అయిదోనాడు ఎమ్మిగనూరు నుంచి ఎవురో వచ్చి
ఒక గీత గీసి, కూలి తీసుకోనిపోయినాడు.
రవంత పొడుగు, రవంత పక్కకు.
బస్సుల్లో పొయ్యేటోళ్ళకు అది తెలీదు.
మా ఇద్దరికే తెలుసు.

ఇప్పుడు ఎక్కేది నేను.
నా అక్షరాలు ఇంకా వంకరే,
కొమ్ములు కిందికి దిగిపోతాయి.
ఉరుకుందు కట్టె పట్టుకోని వచ్చి
కింది మెట్టు మీద కూర్చుంటాడు, బరువుకు.
పైకి చూడడు.
యా అక్షరం కాడికొచ్చిందని అడగడు.
ఆ దినం నీ చేతులు యాడ పెట్టినావని
రెండేండ్లయినా అడగలే.
మిల్లుల పక్క పని ఉన్నప్పుడు మాత్రం
బీడీ ముట్టించుకుంటా, గోడతో చెప్పినట్ట
"దూది లేస్తాంది,
కండ్లు పైలం" అంటాడు.